అవ్వ కోసం వచ్చిన కుక్కరు

అయిదో తరగతిలోనే బడి నన్ను వదిలించుకుంది కాబట్టి, నాకు తెలిసిన సైన్సంతా ప్రెషర్ కుక్కరు దగ్గర నేర్చుకున్నదే. అందులోనూ తప్పాను. ఇప్పటికీ పక్కింట్లో కుక్కరు బుసకొడితే నాకు ఆ సంగతే గుర్తొస్తుంది.

ధర్మవరంలో మా బావివి ఉప్పునీళ్లు. ఎంతసేపు ఉడికించినా కందిబేడలు పలుకుగానే ఉండేవి. పళ్లు లేని అవ్వ, అంటే అమ్మను కన్నతల్లి, తినలేక చిక్కిపోతుంటే నాయన బెంగుళూరు నుంచి కుక్కరు తెచ్చాడు. మూత బిగించి ఆవిరిని లోపలే ఆపితే నీళ్లు మామూలుకంటే ఎక్కువ కాగేవి, మొండి బేడలు కూడా మెత్తబడేవి.

"సద్దు ఆగిందని మూత పీకొద్దురా. లోపల ఇంకా ఆవిరి ఉంటాది. అది అణిగినాక మూత దానంతట అదే వస్తాది" అని అమ్మ నాకు రోజూ చెప్పేది.

అవ్వకు ఉబ్బసం. ఆమె ఊపిరి కూడా అచ్చం కుక్కరులాగే బుసకొట్టేది. ఒక పొద్దున ఆ చప్పుడు ఆగిపోయింది. ఇరుగుపొరుగు వచ్చి ఆమెను మంచం మీంచి కిందికి దించబోతే నేను అడ్డం నిలబడ్డాను.

"ముట్టుకోవద్దండి! సద్దు ఆగినా లోపల ఆవిరి ఉంటాది. అణిగినాక అవ్వే లేస్తాది."

ఎవరూ నవ్వలేదు. అమ్మ ఏమనుకుందో, అందరినీ కాసేపు బయట కూర్చోమంది.

పెద్దయ్యాక ఒకసారి అమ్మకు ఇది గుర్తుచేసి, "ఎంత పిచ్చోన్నిమా నేను!" అని నవ్వాను.

"నువ్వొక్కనివే అనుకున్యావా?" అంది అమ్మ. "అందర్నీ బయటికి పంపించి, మాయమ్మ లేస్తాదేమోనని నేను కూచోలేదా?"