చగ్రా పిట్టకు నేను చేసిన క్షవరం

ఒక ఆడకూతుర్ని పిట్టను చూపిస్తానని పిలిచి, ఆ పిట్ట కొంపే కూల్చిన ఘనుణ్ణి నేను. నవ్వదలచినవాళ్లు ఇప్పుడే నవ్వేయండి. చివర్లో నవ్వితే నాకు మరీ సిగ్గుగా ఉంటుంది.

అప్పట్లో నేను ఒమాన్‌లో, సలాలా పక్కన ఒక తోటకు కాపలా. యాభై దాటాయి. బడి మొహం చూడకపోయినా పక్షుల పుస్తకం కూడబలుక్కుని చదివేవాణ్ణి. తోట వెనక ముళ్లపొదలో చగ్రా అనే ఆఫ్రికా పిట్ట ఉండేది. నల్లటి నెత్తి, ఎర్రమట్టి రంగు రెక్కలు. ఈల ఊరంతా వినిపించేది. అలికిడైతే మాత్రం, లేబర్ కార్డు లేని కూలీ పోలీసును చూసినట్టు లోపలికి దూరేది.

సలాలాలో నర్సుగా పనిచేసినప్పుడు పరిచయమై, తర్వాత ఒమాన్‌లోనే దూరాన ఉన్న రుస్తాఖ్ ఊరికి వెళ్లిన రూతమ్మకు ఫోన్‌లో ఈ సంగతి చెప్పాను.

“అన్నయ్య గారూ, ఏడేళ్లు కిటికీ అవతల దాని ఈల విన్నానండి. మొహం చూడనేలేదు. వచ్చేవారం ఇంటికెళ్లిపోతున్నాను, మళ్లీ రాను.”

“ఒక్కరోజు రా చెల్లె. సూపియ్యకుంటే నా పేరు మార్చుకుంట!”

ఆమె వచ్చే పొద్దున పుస్తకం తెరిచాను. ‘దట్టమైన పొదల్లో తిరగడం వల్ల కనబడడం కష్టం’ అని ఉంది. ఓహో, కష్టమంతా పొదదే అన్నమాట! ఇంత చిన్న ఉపాయం ఆ రాసిన పెద్దమనిషికి తట్టలేదేమని కోపం కూడా వచ్చింది. కొడవలి తీశాను. రెండు గంటల్లో ఆ జాగా తిరుపతి వెళ్లొచ్చిన గుండులా తయారైంది. ఎదురుగా కుర్చీ కూడా వేశాను.

రూతమ్మ మెడలో బైనాక్యులర్‌తో దిగింది.

“పొద ఏదండీ?”

“నరికేసిన. ఇగ అడ్డమేం లేదు, మంచిగ సూడు.”

“దేన్ని చూడమంటారు?”

“పిట్టను!”

“అది ఉండేదే పొదలో కదండీ!”

అప్పటిగ్గాని నాకు వెలగలేదు.

సాయంత్రం బస్సుదాకా ఇద్దరం ఆ బోడినేలను చూస్తూ కూర్చున్నాం. పక్కతోటలోంచి ఒక్కసారి ఈల వినిపించింది. ఆమె నన్ను తిట్టినా బాగుండేది. “పోనీలెండి, గొంతైనా విన్నాను,” అని నాకోసం తెచ్చిన కాజాల డబ్బా చేతిలో పెట్టి వెళ్లింది. ఆ కాజాలు నాకు గొంతు దిగలేదు. మర్నాడు దిగాయనుకోండి.

ఆమె విమానమెక్కిన మర్నాడే చగ్రా వచ్చింది. అదే కుర్చీ మీద, బట్టబయలున, పెళ్లిచూపుల్లోలాగా అటూ ఇటూ తిరుగుతూ ఈల వేసింది. ఫోటో తీయలేదు. తీసినా ఏ మొహంతో పంపను? రూతమ్మకు ఇప్పటికీ చెప్పలేదు.

ఆరోజే కొడవలి సాక్షిగా ఒట్టేసుకున్నాను: లోపల ఎవరు కాపురముంటున్నారో తెలియకుండా దేన్నీ కోయను. ఈ గడ్డం ఎందుకు పెంచావని అందరూ అడుగుతారు. పెంచడం కాదు బాబూ, ఇందులో ఎవరూ లేరని తేలేదాకా ఆగాను.