నలభై రోజుల మచ్చ

మంగళవారం మధ్యాహ్నం మూడూ పదికి పాసింజరు బండి పూండి స్టేషన్లో ఆగి, ఎప్పటిలాగే ఇద్దరు ముగ్గురిని దింపి పలాస వైపు వెళ్లిపోయింది. ఆ కూత విని నేను నవల్లో ఒక పేజీ తిప్పాను. ఆ ఏడు మా ఊరి విశ్వాసులకి జరిగిన నష్టమంతా ఆ పేజీ తిప్పడంలోనే ఉంది.

ఆ రోజుల్లో గుడికి కావలసిన బూడిద మేమే చేసుకునేవాళ్లం. (మేం కథోలికులం కనక మాది గుడి. చర్చి అంటే రెండు వీధుల అవతలున్న బాప్టిస్టులది.) తపస్సుకాలం మొదలయ్యే విభూది బుధవారం నాడు ఫాదర్ గారు అందరి నుదుటా బూడిదతో సిలువ గీసి, నువ్వు మట్టివి, మట్టిలోనే కలుస్తావు అని గుర్తుచేస్తారు. ఆ బూడిద కిందటేడు మట్టలాదివారం నాడు దీవించి పంచిన కొబ్బరాకులది. ఏడాది పొడుగునా అవి ఇంటింటా యేసు తిరుహృదయం పటం వెనక బల్లులకి నీడనిచ్చి ఎండిపోయేవి. బుధవారానికి మూడు రోజుల ముందు మా నాన్న గోనెసంచి భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగి వాటిని పోగుచేసేవాడు. నాన్న మా ఊరి ఉపదేశి. ఫాదర్ గారు పలాస నుంచి మోటారు సైకిలు మీద వారానికోసారి వస్తే, మిగతా ఆరు రోజులూ గంట కొట్టడం, జపం చెప్పించడం, పిల్లలకి పది ఆజ్ఞలు వల్లె వేయించడం, పోయినవాళ్ల పక్కన కూర్చోవడం నాన్న పని. వీటన్నిటినీ ఇంకెవరైనా చేయగలరని ఆయనకి తెలుసు. బూడిద మాత్రం తనే చేయగలడని ఆయన నమ్మకం. పాత ఇనప మూకుట్లో కాల్చి, రోట్లో నూరి, తన పాత పంచె గుడ్డలో మూడుసార్లు జల్లించేవాడు. టెక్కలి నుంచి కూడా అడిగి పట్టుకెళ్లేవారని చెప్పుకునేవాడు. (గర్వం పాపమని పిల్లలకి చెప్పేది కూడా ఆయనే. ఈ ఒక్క విషయంలో తనకి తనే సెలవు ఇచ్చుకున్నాడు.)

ఆ ఏడు కొత్త ఫాదర్ వచ్చారు. గుంటూరు వైపు మనిషి, కుర్రాడు, దేన్నైనా శుభ్రంగా, త్వరగా తేల్చేసేవారు. ఊరంతా తిరిగి ఆకులు పోగుచేసి కాల్చడం ఎందుకు, విశాఖపట్నంలో బూడిద పాకెట్లు దొరుకుతాయి కదా అన్నారు. నాన్న ఇంటికి వచ్చి అన్నం సగంలో లేచాడు. మర్నాడు పొద్దున్నే పలాస వెళ్లి, ఈ ఒక్క ఏడు నా బూడిద చూడండి, నచ్చకపోతే వచ్చే ఏటి నుంచి పాకెట్టే తెప్పించండి అని అడిగి వచ్చాడు. అలా అడగడం ఆయనకి ఎంత కష్టమో మా ఇంట్లో అందరికీ తెలుసు. సరిగ్గా ఆకులు పోగుచేసిన మర్నాడు, సోమవారమే ఆయనకి చలిజ్వరం తగులుకుంది.

ఆ పని నాకు పడింది. అప్పటికి నాకు పంతొమ్మిదేళ్లు, పలాస కాలేజీలో కెమిస్ట్రీ చదువుతున్నాను. దేవుడు లేడని అంతకు నెల క్రితమే నిర్ణయించుకున్నాను గానీ ఆ సంగతి ఇంకా ఎవరికీ చెప్పలేదు, అలవాటు కొద్దీ రాత్రి ప్రార్థనలో దేవుడికి కూడా. నాన్న రెండు దుప్పట్ల కింద నుంచి నాకు వివరంగా చెప్పాడు. సముద్రం వైపు వీపు పెట్టి కూర్చో, మంట ఆరగానే మూత పెట్టు, మూకుడు దగ్గర నుంచి లేవకు. నేను లేవలేదు. కూర్చునే నవల చదివాను. మూడూ పదికి పాసింజరు కూతకి పేజీ తిప్పి, ఆ అధ్యాయం అయ్యాక మూకుట్లోకి చూస్తే రెండు చెంచాల బూడిద, కాలని ఈనెలు కొన్ని ఉన్నాయి. మిగతాదంతా గాలి పట్టుకుపోయి, పక్కింటి బాప్టిస్టు మావ పెరట్లో ఆరబోసిన ఎండు చేపల మీద సన్నగా పరిచి ఉంది. దీవించిన ఆకుల బూడిద తగిలిన ఆ చేపల్ని ఆ కుటుంబం నెల రోజులు వండుకు తింది. వాళ్లకి ఏ హానీ జరగలేదు.

రెండు చెంచాలతో ఊరి నుదుళ్లు నిండవు. వంటింట్లోకి వెళ్లాను. మా ఇంట్లోనే ఉండే పెద్ద అత్త, అంటే నాన్న అక్క, పలాస జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టేది. పొయ్యిలోకి అక్కడి తొక్కలు సంచితో తెచ్చుకునేది. పొయ్యి అడుగున పొద్దుటి తొక్కలు సగం సగం కాలి, మెరుస్తూ, బొగ్గులా ఉన్నాయి. ఆకు కాలినా తొక్క కాలినా మిగిలేది ఒకటేనని, మిగతాదంతా మనుషులు తగిలించుకున్న అర్థాలని నేను రెండు నిమిషాల్లో వాదించుకుని గెలిచాను. (ఎదురు వాదించేవాళ్లు లేరు.) తొక్కలో ఒంటిని కాల్చే జీడి ఉంటుందని ఉద్దానంలో పాకే పిల్లకి కూడా తెలుసు. కెమిస్ట్రీ చదివే పిల్లకి ఆ పూట గుర్తు రాలేదు. నూరి, జల్లించి, ఆ రెండు చెంచాలూ కలిపాను. కాటుకలా వచ్చింది. నాన్న వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి, మళ్లీ ఓసారి చూశాడు. చివరికి, బాగుంది, సీసాలో పొయ్యి అన్నాడు.

బుధవారం సాయంత్రం పూజలో ఆ బూడిద గెలిచింది. ఫాదర్ బొటనవేలితో గీసిన ప్రతి సిలువా అచ్చు వేసినట్టు పడింది. పూజ అయ్యాక ఆయనే నాన్న దగ్గరికి వచ్చి, పాకెట్ బూడిద ఇంత నల్లగా ఉండదండీ అన్నారు. ఒంట్లో జ్వరంతో నాన్న నవ్వాడు. నేను మాత్రం లైన్లో నిలబడలేదు. నమ్మనిదాన్ని నుదుటికి పెట్టుకోవడం నిజాయితీ కాదని, గంట తాడు సర్దుతున్నట్టు నటిస్తూ వెనక తలుపు దగ్గర ఉండిపోయాను.

గురువారం అందరికీ దురద. శుక్రవారానికి బొబ్బలు. ఆదివారానికి మా ఊరి కథోలికులందరికీ, నన్నూ చంటిపిల్లల్నీ మినహాయించి, నుదుటి మీద ఒకే కొలతలో నల్లటి సిలువ. కడిగితే పోలేదు, కొబ్బరినూనెకి మెరిసింది. దాంతో మా తపస్సుకాలం ఎన్నడూ లేనంత నిష్ఠగా సాగింది. ప్రతి ఏడూ తాగుడు మానేశానని మొక్కి, టెక్కలి వెళ్లి తాగొచ్చే సైకిల్ షాపు చిన్నాన్నని టెక్కలిలో కూడా గుర్తుపట్టేశారు. మాంసం ముట్టకుండా శుద్ధభోజనం పాటించాల్సిన శుక్రవారాల్లో సుమ్మాదేవి ఊళ్లో మరదలి ఇంట్లో కోడికూర తినే పెద్దమనిషి ముందు మరదలే గరిటె దింపేసింది. శుక్రవారాలు గుళ్లో చెప్పుకునే సిలువమార్గం జపానికి ఎప్పుడూ పది మంది వచ్చేవాళ్లం, ఆ తరవాతి శుక్రవారం బయట చాపలు పరిచారు. మొదటి వరసలో కూర్చునే నాయనమ్మ (ఎవరి నాయనమ్మో ఎవరికీ తెలియదు, అందరం అలాగే పిలిచేవాళ్లం) ఇది అద్భుతమని తేల్చింది. "అరవయ్యేళ్లనుంచి రాయించుకుంటన్నాను, ఏ ఏడూ మొకం కడిగితే ఎల్లిపోయీది. ఈ ఏడు దేముడు పట్టుకున్నాడు," అంది. బాప్టిస్టు మావ గోడ మీంచి తొంగిచూసి, మేకలకి యెర్రరంగేసినట్టు మీకు నల్లరంగేసీసినాడేటి మీ ఫాదరు, తప్పిపోకుండా అని నాన్నని అడిగాడు. నాన్న, మీ చేపలెలా ఉన్నాయి మావా అని మాత్రం అన్నాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది గానీ ఎందుకో అప్పుడు తెలియలేదు.

తపస్సుకాలంలో ఫాదర్ శుక్రవారాలు కూడా వచ్చేవారు, ఆ సిలువమార్గానికి బొటనవేలికి గుడ్డ కట్టుకుని వచ్చారు. అయిపోయాక నాన్నని పక్కకి పిలిచారు. నేను కొవ్వొత్తులు తీస్తూ విన్నాను. బూడిద ఎవరు చేశారని ఆయన అడిగారు. నేనే అన్నాడు నాన్న. అందులో ఏం కలిసిందని అడిగారు. జొరంలో ఉన్నాను, సూసుకోలేదు అన్నాడు. అయితే వచ్చే ఏటి నుంచి పాకెట్ తెప్పిస్తాను, ఆదివారం పూజలో చెబుతాను, మీరేమీ అనుకోవద్దు అన్నారు ఫాదర్. నాన్న తలూపి, ఆయన మోటారు సైకిలు సీటు మీద దుమ్ము తుడిచాడు.

ఆ సాయంత్రం ఇంట్లో అత్త నా గడ్డం పట్టుకుని ముఖం దీపం వైపు తిప్పింది. ఆమె చేతులు జీడికి కమిలి, గోళ్లు ఎప్పుడూ నల్లగా ఉండేవి.

"ఊరందరికీ మచ్చుంది. నీ నుదురు నున్నగా ఉందేటే?"

నేను చెప్పాను. నవల, గాలి, పొయ్యి, అన్నీ. దేవుడు లేడన్న సంగతి ఒక్కటే దాచాను, ఒక రోజుకి అది చాలనిపించింది. అత్త తిట్టలేదు. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని చాలాసేపు ఊగింది. ఏడుస్తోందనుకున్నాను, నవ్వుతోంది.

"పిక్కలు కొట్టినప్పుడు జీడి అంటకుండా మేం సేతులకి బూడిద రాసుకుంటాం. నువ్వు బూడిదలోనే జీడి కలిపీసినావు. ఎంత సదువే అది." తరవాత నవ్వు ఆపి, "మీ నాన్న మొకం సూసినావా? ఎల్లి సెప్పు," అంది.

నాన్నకి చెప్పే ధైర్యం లేక నేను తెలివైన దారి వెతికాను. పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనంలో చెప్పింది ఫాదర్ ఎవరికీ చెప్పకూడదు. నమ్మకం లేకపోయినా ఆ నియమం నాకు బాగా నచ్చింది. ఆదివారం పూజకి ముందు వెళ్లి మోకరించి, ఒక్క ఊపిరిలో మొత్తం చెప్పేశాను. చెక్క జాలీ అవతల బొటనవేలి గుడ్డ విప్పి మళ్లీ కట్టుకుంటున్న అలికిడి.

"మంట ఇంకా తగ్గలేదు తల్లీ," అన్నారు ముందు. ఆ తరవాత మెల్లగా, "ఇక్కడ చెప్పావు గనక బయట నేను దీని గురించి నోరెత్తడానికి లేదు. మీ నాన్నతో సైతం. నా నోరు కట్టేసి, ఆయన్ని ఆ నిందలోనే నిలబెట్టావు. చూసుకున్నావా?"

చూసుకోలేదు. ప్రాయశ్చిత్తంగా మూడు పరలోక జపాలు చెప్పమన్నారు. మిగతాది నేనే ఆలోచించుకోవాలన్నారు. మూడు జపాలూ చెప్పాను, నమ్మకం లేనివాళ్లు చెప్పినా అంతే సేపు పడుతుంది. పూజ చివర ప్రకటనలు మొదలయ్యాయి. మొదటిది పిల్లల ఉపదేశం వేళల గురించి. రెండోది ఫాదర్ కాగితంలో చూసి, ఆగి, నీళ్లు తాగారు. అంత నెమ్మదిగా నీళ్లు తాగినవాణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు. నేను లేచి నిలబడ్డాను. ఆ బూడిద నాన్న చెయ్యలేదు, నేను చేశాను, అందులో ఉన్నవి మా పొయ్యిలో జీడి తొక్కలు అన్నాను. డెబ్భై నల్ల సిలువలు ఒక్కసారిగా నా వైపు తిరిగాయి.

ముందుగా నోరు విప్పింది నాయనమ్మ. బొబ్బకి ఆమె ఏమీ అనుకోలేదు. "దేముడనుకున్నాను. సెప్పకపోతే నీ సొమ్మేటి పోనాదే, గుంటా?" అంది. ఆ ఏడు ఆమె నన్ను క్షమించలేదు. సైకిల్ షాపు చిన్నాన్న మాత్రం, అయితే నా తాగుడు మొక్కు ఇక లెక్కలోకి రాదన్నమాట అని పైకే అనేసి, పక్కనే ఉన్న భార్యని చూసి కూర్చున్నాడు. నవ్వు ముందు ఆడవాళ్ల వైపు మొదలైంది, మా అత్త దగ్గర్నుంచే అని నా అనుమానం. ఫాదర్ నవ్వు ఆపుకోవడానికి వేలు నోట్లో పెట్టుకుని, అది మండే వేలని గుర్తొచ్చి తీసేశారు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. వచ్చే ఏడు ఆకులు కాల్చే రోజు ఉపదేశి గారు నాకు కబురు పెడితే దగ్గరుండి చూస్తాను అని మాత్రం చెప్పి దీవెన ఇచ్చేశారు.

ఇంటికి నడుస్తుంటే జీడితోట మలుపు దగ్గర నాన్న, నువ్వు నూరిన రోజే వాసన పట్టాను అన్నాడు. పక్కింటి చేపల మీద బూడిద కూడా చూశాడట. మరి ఎందుకు ఆపలేదని అడిగాను.

"ఇంకో సంచి ఆకులు ఎక్కడ్నుంచి తెత్తాను? కాలింది కదా, బూడిద బూడిదే అనుకున్నాను."

కెమిస్ట్రీ చదవకుండా ఆయన చేరిన చోటికే నేను చదివి చేరాను. ఆయన నుదుటి మీద సిలువ ఈస్టర్ దాకా ఉంది. పండగ నాడు గుడి ముందు తీయించుకున్న ఫోటోలో అందరికీ నల్ల మచ్చ పొరలు రాలి, కింద లేత రంగు సిలువ కనిపిస్తుంది. నాకు ఏమీ లేదు. ఊరివాళ్లలో ఎవరో బయటి పిల్ల వచ్చి చేరినట్టుంటాను.

ఆ తరవాత పధ్నాలుగేళ్లు ఆకులు కాల్చాం. ప్రతి ఏడూ సముద్రం వైపు వీపు పెట్టి నేను కూర్చోవాలి, చేతిలో పుస్తకం ఉండకూడదు, అదీ ఆయన పెట్టిన నియమం. ఆఖరి రెండేళ్లు డయాలసిస్‌కి పలాస వెళ్లే రోజులు చూసుకుని కాల్చే రోజు పెట్టుకున్నాం. జల్లెడ పట్టే ఓపిక లేక, గడప మీద కూర్చుని నాకు తప్పులు చెప్పేవాడు. పోయిన వానల్లో పోయాడు. నేను ఇప్పటికీ దేవుడి సంగతి ఏమీ తేల్చుకోలేదు, తేల్చుకున్నానని అనుకున్న ఆ పంతొమ్మిదేళ్ల పిల్ల మీద మాత్రం కోపం పోయింది, ఆమెకి ఒక నవల అధ్యాయం పూర్తి చేయాలని ఉంది, అంతే. ఈ విభూది బుధవారం లైన్లో ముందు నిలబడ్డాను. బూడిద సన్నగా, శుభ్రంగా ఉంది, ఇంటికొచ్చి అద్దంలో చూసుకునేసరికి రాలిపోయింది. పాకెట్‌ది. మా ఊళ్లో ఇప్పుడు ఎవరూ గోనెసంచి పట్టుకుని ఆకుల కోసం ఇల్లిల్లూ తిరగరు.