మిషను బ్యాటరీ మీద కాచిన కాఫీ

నాకు కాఫీ పిచ్చి. మా వైపు ఇది గొప్పగా చెప్పుకునే గుణమేం కాదు. మేడ్చల్ బస్టాండు దగ్గర హోటల్లో కాఫీ అడిగితే హోటలాయన ఒకసారి నా మొహం చూసి, చాయ్ పోసి చేతికిచ్చేవాడు. బోర్లు వేసే తమిళ లారీవాళ్ళ వెంట ఏళ్ళ తరబడి తిరిగినందుకు అంటుకున్న జబ్బు ఇది. వాళ్ళలో ఒకాయన పని మానుకొని సొంతూరికి వెళ్ళిపోతూ తన ఇత్తడి ఫిల్టరు నాకిచ్చి పోయాడు. అది లేకుండా నేను గడప దాటేవాణ్ణి కాదు.

నేల కింద నీళ్ళెక్కడున్నాయో మిషనుతో చూసి చెప్పడం నా పని. ఒక చిన్న ప్రైవేటు సర్వే ఆఫీసులో చేసేవాణ్ణి. నాలుగు ఇనుప మేకులు వరసగా నేలలో కొట్టి, వాటికి వైర్లు తగిలించి, బ్యాటరీ నుంచి కరెంటు పంపి, మీటరులో ముల్లు ఎంత కదిలిందో రాసుకోవాలి. మేకులు దూరం జరిపేకొద్దీ ఇంకా లోతు సంగతి తెలుస్తుంది. చుట్టుపక్కల మోటార్లు నడుస్తుంటే మాత్రం ముల్లు పిచ్చిపట్టినట్టు ఊగుతుంది. అందుకని పొలాలకు కరెంటు లేని వేళ చూసుకొని, తెల్లారుతుండగానే మొదలుపెట్టాలి. రోజూ మచ్చ బొల్లారంలో ఇంటి నుంచి ఆ వేళకు చేరడం అయ్యే పని కాదు కనుక ఎవరి పొలంలో పని ఉంటే అక్కడే గుడారం వేసుకొని రెండు మూడు రోజులు ఉండేవాళ్ళం. నేనూ, జీపు నడిపే అన్నా. ఆయన నాకంటే పదేళ్ళు పెద్ద.

గుడారంలో మంచి కాఫీ ఎలా? కిరోసిన్ స్టవ్వు మీద కాచారా, ఆ వాసన ఫిల్టరుకు పట్టి వారం వదలదు. కట్టెల పొయ్యి మీదైతే పొగ కంపు. సికింద్రాబాదు రాణీగంజ్ బజారంతా తిరిగి, లారీ డ్రైవర్లు నీళ్ళు కాచుకునే రాడ్డు ఒకటి కొన్నాను, బ్యాటరీకి తగిలించేది. దానికోసమే ఒక పాత బ్యాటరీ కూడా సంపాదించాను. రాడ్డు చెంబులో వేస్తే నీళ్ళు కాగడానికి చాలాసేపు పట్టేది. ఆ వేడి నీళ్ళలో సగం ఫిల్టరులో పోసి, మిగతా సగంలో పాలగిన్నె దించేవాణ్ణి. పాలు విరగవు, మాడవు. డికాక్షను చుక్క చుక్క దిగుతుంటే పక్కన కూర్చొని కాపలా కాసేవాణ్ణి.

"నీళ్ళకొక బ్యాటరీ, బండికొక బ్యాటరీ, నీ కాఫీకొక బ్యాటరీ. మనం నీళ్ళు జూస్తానికి వచ్చినమా తమ్మీ, కరెంటాఫీసు వెడ్తానికి వచ్చినమా?" అనేవాడు అన్న. అంటూనే గ్లాసు ముందుకు జరిపేవాడు.

తొంభైల చివర్లో, వరసగా వానలు ముఖం చాటేసిన కాలంలో, శామీర్‌పేట దాటాక ఒక ద్రాక్షతోటకు వెళ్ళాం. అనాబ్‌షాహీ రకం. రాతి కూసాల మీద పందిరి, పందిరి నిండా తీగ, తీగకు సరిపడా నీళ్ళు మాత్రం లేవు. ఉన్న ఒక్క బోరు గంట పోస్తే రెండు గంటలు ఆగేది. తోట యజమాని అరవైకి దగ్గర పడ్డ మనిషి. ఆయన్ని నేను పటేలా అని పిలిచేవాణ్ణి. వచ్చిన రోజే నా పక్కన గొంతుక్కూర్చొని చెప్పాడు.

"కొబ్బరికాయ అరచేతుల వెట్టుకొని తిరిగినోడు మూడు జాగలు జూపిచ్చిండు సారూ. మూడూ దుమ్మే లేసింది. ఇగ నాతోని అయ్యేది ఒక్క బోరే. ఇది గూడ పోతే తోట గొట్టేసుడే. మిషనైతే అబద్ధం జెప్పదు గద?"

"చెప్పదు పటేలా," అన్నాను. నమ్మే అన్నాను.

ఆయన భార్యకు ఒంట్లో బాగుండేది కాదు. పేగుల్లో ఏదో పెరిగిందని పట్నం డాక్టర్లు అన్నారట. తిన్నది తిన్నట్టే వాంతి. పొయ్యి మీద ఏది కాచినా, ఆ పొగ వాసన తగిలితే చాలు, కడుపులో తిప్పేసేది ఆమెకు. మొదటి రోజు సాయంత్రం మా గుడారం నుంచి కాఫీ వాసన వెళ్ళి వాకిట్లో మంచం మీద పడుకున్న ఆమెను లేపింది. ఏందది అని అడిగిందట. నేనే గ్లాసు పట్టుకెళ్ళాను. మూడు గుక్కలు తాగి ఆగింది. నేనూ పటేలూ వాంతి వస్తుందేమోనని చూస్తున్నాం. రాలేదు. మిగతాది కూడా తాగేసి, "గిది కడుపుల నిలవడ్డది," అని నావైపు చూసి నవ్వింది. పటేలు తల పక్కకు తిప్పుకున్నాడు.

ఆ గ్లాసు ఖాళీ అవుతుంటే నాకు కలిగిన పొంగు ఇప్పటికీ గుర్తుంది. నా కాఫీని అప్పటిదాకా ఒకరు కావాలని అడిగి తాగింది లేదు. మర్నాడు రెండు పూటలా ఆమెకు పోశాను.

పొలానికి కరెంటు వచ్చినప్పుడు పటేలు స్టార్టరు డబ్బా దగ్గర మా బ్యాటరీలకు ఛార్జింగు పెట్టుకునేవాళ్ళం. రెండో రోజు కాసేపు కరెంటు వస్తే మిషను బ్యాటరీ నిండింది. కాఫీ బ్యాటరీ వంతు వచ్చేసరికి ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయింది. మూడో రోజు పొద్దున్నే రెండు చోట్ల చూడాల్సి ఉంది. ఒకటి తోట ఈశాన్యం మూల, రెండోది పశువుల కొట్టం పక్కన. మధ్యాహ్నానికి బోరు వేసే రిగ్గు లారీ వస్తుంది. అది కూడా అటుగా పోతున్నదని బతిమాలి ఒప్పించుకున్నది. ఆ రోజు పోతే మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో తెలియదు.

మేకులు కొడుతుండగా పటేలు పాలచెంబుతో వచ్చి నిలబడ్డాడు. అడగలేక అడిగాడు.

"సారూ, ఆమె నిన్న రాత్రి నుంచి ఏం ముట్టలే. నీ కాఫీ అయితే తాగుతనంటాంది."

కాఫీ బ్యాటరీలో ప్రాణం లేదు. జీపు బ్యాటరీ జోలికి పోతే అన్న ఊరుకోడు, బండి అసలే నెడితే గాని కదలని రకం. నేను మిషను బ్యాటరీకి రాడ్డు తగిలించాను.

అన్న వైర్లు విప్పడం ఆపి దగ్గరకొచ్చాడు. "తమ్మీ, గది మిషనుది."

"ఒక్క గ్లాసే అన్నా."

ఆమె కోసమే చేశానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అది సగం నిజం. నా కాఫీ తప్ప ఇంకేదీ ఆమెకు సయించడం లేదన్న గర్వం మిగతా సగం. గ్లాసెడు నీళ్ళు చాలవు గదా, పాలు వేడెక్కాలి, ఫిల్టరుకు నీళ్ళు కావాలి. ఒక చెంబెడు కాచాను. పటేలు గ్లాసుకు కండువా చుట్టి, తొణక్కుండా అడుగులో అడుగు వేసుకుంటూ ఇంటివైపు వెళ్ళాడు.

మూల దగ్గర రీడింగులు ఎలాగోలా వచ్చాయి. కొట్టం దగ్గరకు వచ్చేసరికి, మేకులు దూరం జరిపేకొద్దీ ముల్లు నీరసపడింది. ఆఖరి రెండు రీడింగులకు అది ఉన్నచోటే వణుకుతూ ఉంది. ఎంత అని రాయాలో తెలియలేదు. ఆగుదాం, బ్యాటరీ మేడ్చల్ పంపి ఛార్జి చేయించి రేపు చూద్దాం అనాలి. కానీ అలా అంటే బ్యాటరీ ఎందుకు దిగిందో చెప్పాలి. రిగ్గు వచ్చే వేళైంది. చదవలేని చోటును వదిలేసి, చదవగలిగిన చోటే సున్నంతో గుర్తు పెట్టాను.

పటేలు అక్కడ కొబ్బరికాయ కొట్టాడు. రిగ్గు దిగింది. వంద అడుగులకు ఎర్ర దుమ్ము, తర్వాత తెల్ల దుమ్ము. ఆ దుమ్ము పందిరి మీద ఆకుల్ని కప్పేసింది. రిగ్గువాడు ఇంకా దింపాలా అని అడిగిన ప్రతిసారీ పటేలు నావైపు చూసేవాడు. నేను తల ఊపేవాణ్ణి. రిగ్గు రాడ్డు ఇంకోటి దిగేది. మూడువందల యాభై దాటాక వాళ్ళే ఆపేశారు. తడి కూడా తగల్లేదు.

నన్ను తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. "నువ్వేం జేస్తవ్ సారూ, మిషనేం జేస్తది. నా నొసట లేదు," అని చేతులు కడుక్కొని, అన్నం తిని పొమ్మన్నాడు. తిన్నాం. సిగ్గులేకుండా రెండోసారి పప్పు కూడా వేయించుకున్నాను, వద్దంటే ఆయన బాధపడతాడని.

అన్న జీపు అల్వాల్‌లో ఆపాడు. దిగేటప్పుడు, "గా బ్యాటరీ ఛార్జింగు వెట్టుకో తమ్మీ," అన్నాడు అంతే.

బ్యాటరీ నిండాక వెనక్కి వెళ్ళి కొట్టం దగ్గర మళ్ళీ చూసి ఉండవచ్చు. వెళ్ళలేదు. అక్కడా నీళ్ళు లేవని తేలితే హాయిగా పడుకునేవాణ్ణి. ఉన్నాయని తేలితే? పటేలుకు ఆ మాట ఏ మొహంతో చెప్పాలి? ఆ భయంతోనే ఆ దారి మానుకున్నాను. మరుసటి ఏడు వేరే పని మీద బస్సులో పోతూ చూస్తే పందిరి లేదు. రాతి కూసాలు పీకి రోడ్డు పక్కన పేర్చి పెట్టారు. నేను తల వంచుకొని కూర్చున్నాను, ఎవరో నన్ను గుర్తుపడతారన్నట్టు.

తర్వాత సర్వే పని వదిలేసి కండ్లకోయలో ఒక ఇంజినీరింగు కాలేజీ ల్యాబులో చేరాను. పొద్దున పిల్లలతో పాటు కాలేజీ బస్సులో పోయి రావడం, మీటర్లు తుడవడం. ఔటర్ రింగు రోడ్డు కోసం మట్టి పోస్తున్న రోజుల్లో ఒకసారి అన్న ఇంటికొచ్చాడు. మాటల్లో ఆ తోట సంగతి నేనే ఎత్తాను. "ఇన్నేండ్లు మోసినవ్. ఒకపారి పోయి చెప్పరాదు తమ్మీ. కొడితే కొడ్తడు, తిడితే తిడ్తడు. పానం అల్కగైతది," అన్నాడు.

ఆదివారం వెళ్ళాను. ఏం చెప్పాలో బస్సులో వల్లె వేసుకున్నాను. పటేలా, ఆ పొద్దు మిషను బ్యాటరీ నేను కాఫీకి వాడిన, రీడింగు తప్పింది, నాదే తప్పు. అంతే. నాలుగు ముక్కలు. ఖాళీ చేతులతో పోవడం ఎందుకని ఫిల్టరూ కాఫీ పొడీ సంచిలో వేసుకున్నాను.

తోట ఇప్పుడు ప్లాట్లు. గేటు దగ్గర గదిలో కాపలా ఉన్నది పటేలే. అమ్ముకున్న తన భూమికే కాపలా. బాగా చిక్కిపోయాడు. ఒక నిమిషం చూసి, "కాఫీ సారువు గద?" అన్నాడు. నా పేరు కాదు, మిషను కాదు, ఆయనకు గుర్తున్నది అదే.

లోపల చిన్న పార్కులో పైపు పెట్టి గడ్డికి నీళ్ళు పడుతున్నారు. నేను దాన్నే చూస్తున్నానని గమనించి ఆయనే చెప్పాడు. "మన పసుల కొట్టం ఉండె సూడు, గా జాగల ఏసిండ్రు బోరు. రెండువందల అడుగులకే మస్తు నీళ్ళు వడ్డయి. ఎవల అదృష్టం వాళ్ళది సారూ."

ఇక చెప్పక తప్పదనుకున్నాను. ఇంట్లో పెద్దమ్మ ఎలా ఉందని ముందు అడిగాను, మాట మొదలుపెట్టడానికి.

"ఏడున్నది సారూ. మీరు పోయిన నెలన్నరకే పోయింది." కండువాతో మొహం తుడుచుకున్నాడు. "నువ్వు ఆఖరి రోజు పొద్దుగాల ఇచ్చినవ్ సూడు, గా కాఫీ. గదే ఆమె కడుపు నిండ తాగింది. మల్ల ఏదీ నిలవలే. నేను పొయ్యి మీద కాసి పోసిన, పొగ వాసనొస్తాందని మూతి తిప్పుకున్నది. సచ్చేదాక గా కాఫీ ముచ్చటే జెప్పేది."

వల్లె వేసుకున్న నాలుగు ముక్కలూ గొంతులో ఉన్నాయి. వాటిని పైకి అంటే ఏమవుతుందో అప్పుడు నాకు తెలిసింది. ఆ గ్లాసే నీ తోటను ఎండబెట్టింది పటేలా అని చెప్పినట్టు. దాన్ని అడిగింది ఆమె, మోసుకెళ్ళింది ఆయన. తప్పు నాది, చెబితే మాత్రం ఆ బరువు వాళ్ళిద్దరి మీద పడుతుంది. ఆయనకు మిగిలిన ఆ ఒక్క పొద్దు కూడా నేను పాడుచేసిన వాణ్ణవుతాను.

సంచిలో ఫిల్టరు ఉందని చెప్పాను. ఆయన గదిలో పాలున్నాయి, కరెంటు హీటరు ఉంది, ప్లగ్గులో పెడితే చిటికెలో నీళ్ళు కాగాయి. డికాక్షను దిగేదాకా ఇద్దరం ఫిల్టరు పక్కనే కూర్చున్నాం. గ్లాసు అందిస్తే ఒక గుక్క తాగి, కళ్ళు మూసుకొని, "గిదే," అన్నాడు. తర్వాత నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆమె పానానికి సుకమిచ్చినవ్ సారూ. నీ కడుపు సల్లగుండ."

నాకు ఏడుపొచ్చింది. ఆమె కోసమనుకొని ఆయన నా వీపు నిమిరాడు. నేను చెప్పాలనుకున్నది చెప్పడానికి నోరు తెరిచాను.

"ఇంకొంచెం పొయ్యాల్నా పటేలా?" అన్నాను.

పొయ్యమని గ్లాసు ముందుకు జరిపాడు.