నీళ్ళకుండ కాపలా

పొద్దున మా మనవడికి విరేచనాలవుతుంటే ఆశా వర్కరు వచ్చి పొడి ప్యాకెట్టు ఒకటి నీళ్ళలో కలిపి ఇచ్చింది. "నీళ్ళు పట్టడం మాత్రం ఆపకండి బాబాయిగారూ" అని చెప్పి వెళ్ళింది. ఆ గ్లాసు చూస్తూ కూర్చుండిపోయాను.

బందరులో మురుగుకాలవ గట్టున పాకల్లో పెరిగిన నా ఈడువాళ్ళూ, మన సత్తుగ్లాసులు గుర్తున్నాయా? మా గ్లాసు మీద నాన్న పేరు చెక్కించినా, అది ఎక్కువగా పక్కింట్లోనే కాపురం ఉండేది. పేటంతటికీ ఒకటే కుళాయి, అదీ వానాకాలమంతా సగం మురుగులోనే. సరే, అసలు సంగతికి వస్తాను.

అలాంటి ఒక వానాకాలం, ఆరేళ్ళ మా చెల్లికి తెల్లారినప్పటి నుంచీ వాంతులూ విరేచనాలూ. మా సందులోకి రిక్షాలు రావు. రిక్షా కోసం రోడ్డు మీదికి వెళ్తూ అమ్మ నన్ను నీళ్ళకుండ దగ్గర కూర్చోబెట్టింది.

"నీళ్ళు పడితే ఇంకా ఎక్కువవుతాయిరా. అడిగినా చుక్క పొయ్యకు."

చెల్లి అడిగింది. "ఒక్క గుక్కే అన్నయ్యా. అమ్మకి చెప్పనుగా."

"తగ్గాక కుండెడు తాగుదువుగాని, పడుకో" అన్నాను. చాలాసేపు అడిగి, చివరికి మానేసింది. మాట విన్నదని సంతోషించాను.

ఆసుపత్రిలో డాక్టరుగారు చెల్లి చెయ్యి పట్టుకు చూశారు. పిల్ల పోయిందని చెప్పేముందు అమ్మని ఒక్కటే అడిగారు.

"నీళ్ళేమైనా పట్టావా అమ్మా?"

"ఒక్క చుక్క కూడా పట్టలేదండీ" అంది అమ్మ, నా తల నిమురుతూ. "మావాడే కాపలా ఉన్నాడు."