ముందు నవ్విందెవరు?

పెళ్లయి జంషెడ్‌పూర్ టెల్కో కాలనీకి కాపురానికి వచ్చిన కొత్త. ఓ సాయంత్రం వరండాలో కూర్చున్న మా తెలుగు ఆడవాళ్ల దగ్గరకు పక్క క్వార్టర్ బెంగాలీ ఆవిడ వచ్చి గబగబా ఏదో చెప్పింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అత్తయ్య నవ్వారు కదా అని నేనూ నవ్వాను. అందరూ పగలబడి నవ్వారు. ఆవిడ మాత్రం కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది. పెంచుకున్న చిలక చచ్చిపోయిందని తర్వాత తెలిసింది!

“మీరెందుకు నవ్వారత్తయ్యా?” అన్నాను.

“నాకేటి తెలుసే? సదువుకున్నదానివి, నువ్వు నవ్వినావని నవ్వినాను.”

మరి ముందు నవ్విందెవరు? ఎంత ఆరా తీసినా తేలలేదు.

మర్నాడు క్షమించమనడానికి అందరం కలిసి వెళ్లాం. ఆవిడ తలుపు తీసింది. ముందు ఎవరు మాట్లాడతారా అని ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ నిలబడిపోయాం. ముందురోజు నవ్వడానికి మాత్రం అంతసేపు పట్టలేదు.