మేడల మీదుగా సాగిన వార్త

విజయవాడ వన్ టౌన్‌లో, తోపుడుబండ్లతో ఎప్పుడూ ఇరుకుగా ఉండే ఒక సందులో 'డెల్టా వేకువ' ఆఫీసు ఉండేది. నాలుగు పేజీల దినపత్రిక. అటు ఇబ్రహీంపట్నం, ఇటు కంకిపాడు దాటితే దాని పేరు తెలిసినవాళ్లు లేరు. ఆ మధ్యలో మాత్రం ఏ కాలువకి ఎప్పుడు నీళ్లొదులుతారో, ఏ వీధిలో కరెంటు తీస్తారో జనం అందులోనే చూసుకునేవాళ్లు. శౌరమ్మ పెళ్లికి ముందే అక్కడ కంపోజిటర్‌గా చేరింది. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి, తిరగేసి పేర్చి, వరసలు కట్టడం ఆమె పని.

తర్వాత కంప్యూటర్లొచ్చాయి. పెద్ద పత్రికలు జిల్లాలకి విడిగా పేజీలు వేయడం మొదలుపెట్టాయి. చేతుల్లోకి ఫోన్లొచ్చాయి. కరోనాలో పేపరు ఆగిపోయింది. తండ్రి పెట్టిన పత్రికను తన చేత్తో మూయాల్సి వచ్చినందుకు యజమాని మణికుమార్ చాన్నాళ్లు ఎవరికీ మొహం చూపించలేదు. చివరికి మిగిలింది కాలితో తొక్కే పాత ట్రెడిల్ మిషను, దానిమీద శౌరమ్మ వేసే పెళ్లికార్డులు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి, కట్టకి గండి పడి సింగ్‌నగర్ మునిగింది. శౌరమ్మ కూతురు వినీల కాపురం అక్కడే. ఫోను ఎన్నిసార్లు చేసినా స్విచాఫ్. శౌరమ్మ వానలో ఫ్లైఓవర్ దాకా నడిచి వెళ్లింది. అక్కణ్ణించి చూస్తే వీధులు లేవు, నీళ్లూ మేడలూ వాటిమీద జనమే. పడవలో వచ్చినవాళ్లు ఏడుస్తూ చెప్పారు: "ఇంకో వరదొస్తోందంటండీ. రాత్రికి మేడలు కూడా మునుగుతాయంట. పిల్లల్నెత్తుకుని నీళ్లలోకి దిగిపోతున్నారు!"

ఆమె పరుగున ఆఫీసుకి వచ్చి చెప్పింది. అది పుకారని మణికుమార్ అప్పటికే అధికారుల దగ్గర కనుక్కున్నాడు.

"మరి వాళ్లకెవరు చెబుతారు మణిగారూ? ఒక్కడి ఫోనూ పనిచేయడం లేదు" అంది శౌరమ్మ.

"ఏం చేస్తామమ్మా?"

"పేపరు వేద్దాం."

వన్ టౌన్‌లోనూ కరెంటు లేదు. మణికుమార్ టార్చి పట్టుకున్నాడు. శౌరమ్మ అక్షరాలు పేర్చింది. 'గండి పూడుస్తున్నారు. కొత్తగా వరద రావడం లేదు. నీళ్లలోకి దిగకండి. పడవలు మీ దగ్గరికే వస్తాయి.' కింద నీళ్లూ పాలూ ఎక్కడ ఇస్తున్నారో, పాము కరిస్తే ఎటు పోవాలో. పైన పెద్దక్షరాల్లో 'డెల్టా వేకువ'. పెళ్లికార్డుల కాగితం అయిపోయేదాకా ఇద్దరూ మార్చి మార్చి మిషను తొక్కారు.

ఫ్లైఓవర్ దగ్గర, జనాన్ని దాటించడానికి బందరు నుంచి పడవ తెచ్చిన బంగార్రాజు కాగితం చూసి, "ఎక్కండి మామ్మగారూ" అన్నాడు.

మొదటి మేడ దగ్గర ఒకాయన వంగి కాగితం అందుకున్నాడు. చదువుకుని, పక్క మేడవైపు తిరిగి గట్టిగా చదివాడు. ఆ మేడమీది ఆడమనిషి ఎదురింటికి అరిచి చెప్పింది. అక్కణ్ణించి ఇంకో మేడకి, వీధి మలుపు దాటి అవతలికి. 'గండి పూడుస్తున్నారు... దిగకండి...' తాను పేర్చిన మాటలు, అదే వరసలో, పడవకంటే ముందే నీళ్లమీదుగా వెళ్లిపోతున్నాయి. మెడలోతు నీళ్లలోకి దిగిన ఒక కుర్రాడు ఆగి, వెనక్కి తిరిగి మెట్లెక్కాడు.

శౌరమ్మ పడవ అంచు పట్టుకుని ముందుకి వంగింది. నలభై ఏళ్లపాటు సీసం మసి చేతులకి అంటించుకుందే గానీ, తన అక్షరాలు చేరిన చోట ఏం జరుగుతుందో ఆమె ఎన్నడూ చూడలేదు.

"ఇంత పని చేస్తాయా ఇవి!" అంది. బంగార్రాజు తెడ్డు వేయడం మానేసి వింటున్నాడు.

వినీల వాళ్ల మేడ చేరేసరికి చీకటి పడబోతోంది. పిల్లను ఎత్తుకుని కూతురు పిట్టగోడ దగ్గరే ఉంది.

"అమ్మా! ఈ నీళ్లలో ఎందుకొచ్చావే? గండి పూడుస్తున్నారంట, భయం లేదంట!"

"ఎవరు చెప్పారే?"

"ఏమో, అటునుంచి అరిచారు. లేకపోతే మేమూ దిగిపోయేవాళ్లమే."

శౌరమ్మ చేతిలో ఉన్న కాగితం కూతురికి అందించి, పడవలో కూలబడింది.

కరెంటొచ్చేదాకా రోజూ పేపరు వేశారు. ఫోన్లు మోగడం మొదలయ్యాక అడిగేవాళ్లు తగ్గారు. అయినా మణికుమార్ ఇప్పుడు ఆదివారం ఆదివారం రెండు పేజీలు తెస్తున్నాడు. వారానికోసారి శౌరమ్మ పెళ్లికార్డులు పక్కన పెట్టి, కళ్లజోడు సవరించుకుని, పెద్దక్షరాల అర ముందుకి లాగుతుంది.