దారం కొరికే పన్ను

కత్తెర పుట్టడం నాగరికతలో గొప్ప మలుపని పెద్దలంటారు. ఆ మలుపు దగ్గర తిరగకుండా నేరుగా వెళ్లిపోయిన మనిషి టైలరు మాస్టారు. గుడ్డకి కత్తెర, దారానికి పన్ను అన్నది ఆయన రాజ్యాంగం. కుట్టు పూర్తికాగానే తల ఎడమకు వాలుతుంది, కింది దవడ కుడికి జరుగుతుంది, టక్కున దారం తెగుతుంది. ముప్ఫయ్యేళ్లుగా ఎన్ని ఫ్యాషన్లు మారినా ఈ విధానం మారలేదు.

ఒక ఉదయం దారం తెగలేదు. పైవరుస ముందుపన్ను కదిలింది.

ఆ క్షణం నుంచి మాస్టారి లోకమంతా ఆ ఒక్క పన్ను మీదే నిలబడింది. నాలుకతో తడిమితే కదులుతోంది; తడమకపోతే ఊడిపోయిందేమోనని గుబులు. ఆయన అన్నగారికి ఇలాగే ఒక పన్ను తీశారు. ఆనక మిగతావన్నీ దానికి తోడు వెళ్లాయి. ఇప్పుడా అన్నగారు మాట్లాడితే ఎదుటివాళ్లు మొహం తుడుచుకోవాలి.

"డాక్టరు దగ్గరికి వెళ్దాం పదండి," అంది భార్య.

"వెళ్తే పీకేస్తారే."

"వెళ్లకపోతే అదే ఊడుతుంది. పళ్లూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం అంటారు. మీకు రాయి కూడా అక్కర్లేకపోయింది, దారం చాలింది!"

ఆస్పత్రిలో మాస్టారు కూర్చున్న కుర్చీ వెనక్కి వాలింది. పక్కన పళ్లెంలో పట్టకార్లలాంటివేవో మెరుస్తున్నాయి. చూడకూడదనుకుని, వాటినే చూశారు.

"ఎక్స్‌రేలో వేరూ ఎముకా బాగానే ఉన్నాయి," అంది డాక్టరమ్మ. "మరెందుకు కదులుతోందో తేలాలి. ఈ నీలం కాగితం కొరకండి మాస్టారూ. బలం పడ్డచోట రంగంటుకుంటుంది."

ఆయన పసిపాప బుగ్గ కొరికినంత సుతారంగా కొరికారు. రంగు దవడ పళ్లకే అంటింది.

"అన్నం నమిలినట్టు కొరకండి."

"అలాగే కొరుకుతున్నానమ్మా," అని నిస్సిగ్గుగా అబద్ధమాడారు.

డాక్టరమ్మ నుదురు ముడిపడింది. "ముందుపన్ను మీద బరువే పడటం లేదు. కారణం దొరక్కుండా వైద్యం మొదలెట్టలేను. ఇలాగే కదులుతూ పోతే చివరికి తీయక తప్పదు."

మాస్టారికి పై ప్రాణాలు పైనే పోయాయి. గట్టిగా కొరికితే ఊడుతుందని భయం, కొరక్కపోతే తీస్తారని భయం. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మధ్యలో నోరు తెరుచుకుని ఆయన.

"భయంతో కొరకడం లేదమ్మా ఈయన," అంది భార్య. "ఆ కాగితం అలాగే ఉంచండి." సంచిలోంచి దారం తీసి, లాగి పట్టి, ఆయన నోటికందించింది.

అలవాటు భయం కన్నా ముందు లేచింది. తల ఎడమకు, దవడ కుడికి, టక్!

కదిలే ముందుపన్ను లోపలివైపు నీలం మచ్చ.

"దొరికాడు దొంగ!" అంది డాక్టరమ్మ. "పాతిన గుంజ మీద ఎక్కి కూర్చున్నా ఏం కాదు. రోజూ పక్కకి ఊపితే వదులవుతుంది. పన్నూ అంతే. పైనుంచి పడే బరువు మోస్తుంది, పక్కతోపుకి ఓర్చుకోదు. మీరు దాన్ని ఏళ్ల తరబడి తోస్తున్నారు."

"అయితే... పీకరా?"

"ఎందుకు పీకడం? తగులుతున్న కింది పన్ను అంచు కాస్త అరగదీస్తాను. దారం కొరకడం మానేస్తే పైది మెల్లగా బిగుస్తుంది."

అరగదీయడం అనేసరికి మళ్లీ ముచ్చెమటలు పోశాయి. మిషను గుయ్యిమంది. మాస్టారు కుర్చీ చేతులు పట్టుకుని, కళ్లు మూసుకుని, తెలిసిన దేవుళ్లందర్నీ పిలిచి, తెలియనివాళ్లకు దరఖాస్తు పెట్టబోతూ ఒక కన్ను తెరిచారు.

డాక్టరమ్మ అప్పటికే పని ముగించి చేతులు కడుక్కుంటోంది.